కాటా కంప్యూటరు ఒక్కటే పనిచేసింది

"నెట్ పోయింది" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళ నుంచి ఆఫీసుల్లో కంప్యూటర్లకి తీగలు లాగి, ఒకదానితో ఒకటి మాట్లాడించే పని చేస్తున్నాను. ఇల్లు చీపురుపల్లిలో. విజయనగరం నుంచి ఆమదాలవలస దాకా పాసింజరు ఆగే ప్రతి స్టేషనులోనూ నాకు ఒకటో రెండో ఆఫీసులున్నాయి. రైసు మిల్లులు, నర్సింగ్ హోములు, ఇంకా కాలేజీలు. ఈ ఇరవై ఏళ్ళలో ఏ ఒక్కరూ ఫోన్ చేసి "ఫలానాది పనిచెయ్యడం లేదు" అని చెప్పిన పాపాన పోలేదు. అందరిదీ ఒకటే పాట, నెట్ పోయింది. కరెంటు పోయినా నెట్ పోయిందే, ప్రింటర్లో కాగితం అయిపోయినా నెట్ పోయిందే.

చాలాసార్లు నెట్ ఎక్కడికీ పోదు. పోయేది పేర్లు. కంప్యూటరుకి పేర్లు అర్థం కావు, నంబర్లే అర్థమవుతాయి. మనం ఒక పేరు కొడితే, ఆ పేరుగల యంత్రం నంబరేదో వెతికి చెప్పడానికి ఎక్కడో ఒక పెట్టె ఉండాలి. దాన్ని మేము డీఎన్ఎస్ అంటాం. అది మూగబోయిందంటే తీగలు బాగానే ఉంటాయి, లైటు పచ్చగానే వెలుగుతుంది, కానీ ఏ కంప్యూటరుకీ రెండో కంప్యూటరు దొరకదు. కొత్త ఊళ్ళో బస్సు దిగి, చుట్టం పేరు చెప్పి ఇల్లెక్కడని అడిగితే చెప్పే మనిషి లేనట్టు ఉంటుంది.

ఇంత చిన్న సంగతి. దీని మూలంగా ఒక మనిషిని మూడు రోజులు గేటు బయట నిలబెట్టారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఆమదాలవలసలో రైలు గేటు దాటాక ఒక రైసు మిల్లు ఉంది. ఊరి పేరు చెప్పాను కానీ మిల్లు పేరు చెప్పను, చెప్పినా ఎవరికీ ఒరిగేదేమీ లేదు. యజమానిని అందరూ షావుకారు అంటారు. అరవై దాటినాయన, నోరు పెద్దది, మనసు ఎంతదో మీరే తేల్చుకోండి. ఆఫీసంతా చూసే మేనేజరు ఆయన బావమరిది. లోపల పది కంప్యూటర్లుంటాయి. పదకొండోది బయట, ధాన్యం లారీలు ఎక్కి నిలబడితే బరువు చూపించే కాటా పక్కన, రేకుల షెడ్డులో ఉంటుంది. ఆ కంప్యూటరు ముందు కూర్చునేది ఒక ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. సముద్రం ఒడ్డు ఊరి మనిషి. భర్త ఏడాదిలో సగం పైగా గుజరాత్ వైపు బోట్ల మీద చేపల వేటలో ఉంటాడు. ఆవిడ పదో తరగతి తర్వాత శ్రీకాకుళంలో కంప్యూటరు నేర్చుకుని, తొమ్మిదేళ్ళుగా ఆ షెడ్డులో పనిచేస్తోంది. పొద్దున్న రెండు బస్సులు మారి వస్తుంది. లారీ నంబరు, బరువు, తేమ ఆవిడ కొట్టేస్తే లోపల సర్వరులో పడతాయి. నేను వెళ్ళినప్పుడల్లా ఆ షెడ్డులో మౌస్ కింద పాత క్యాలెండరు అట్ట, కీబోర్డు మీద తడిపి పిండిన గుడ్డ కనిపించేవి. లోపల మేనేజరుగారి కీబోర్డు బోర్లిస్తే మాత్రం జంతికల ముక్కలు రాలేవి.

వరి కోతలయ్యాక సీజను నడుమ ఒక శుక్రవారం పొద్దున్న మేనేజరు ఫోను. "బావూ, నెట్ పోయిందండి." ఆ వైపు బాబూ అనడానికి బావూ అంటారు.

నేనప్పుడు విజయనగరంలో ఒక నర్సింగ్ హోములో నిచ్చెన మీద ఉన్నాను. ఏం పోయిందో చూడమని కూడా అడగలేదు. "లైను వాళ్ళకి ఫోన్ చెయ్యండి" అనేసి పెట్టేశాను. నా తప్పుల పట్టీలో ఇది రెండోది. మొదటిది తర్వాత చెబుతాను.

లైను వాళ్ళు యథాప్రకారం రౌటరు ఆపి మళ్ళీ వెయ్యమన్నారు. ఆపి వేశారు. మా వైపు లైను బ్రహ్మాండంగా ఉంది, మీ ఆఫీసులోనే ఏదో ఉందన్నారు. అది నిజమే, కానీ ఆ ఏదో ఏమిటన్నది వాళ్ళకి అక్కర్లేదు. అప్పుడు మేనేజరు మిల్లు సాఫ్ట్‌వేరు అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాడు. అక్కడొక కుర్చీలో కూర్చున్న మేధావి ఎవరో, ఈ మిల్లు మొహం ఎప్పుడూ చూడనివాడు, ఫోనులోనే రోగం కనిపెట్టేశాడు. "వైరస్ అయి ఉంటుందండీ. అన్ని సిస్టమ్సూ ఆగిపోయి ఏదైనా ఒక్కటి బాగా పనిచేస్తోందా? అయితే అందులోంచే వచ్చి ఉంటుంది. దాని దగ్గర ఎవరు కూర్చుంటారో కనుక్కోండి."

ఒక్కటి పనిచేస్తోంది. కాటా దగ్గరిది.

ఇంక చూడండి. పది కంప్యూటర్లు ఒక్కసారి ఆగి ఉంటే కాస్త వేరుగా ఆలోచించేవారేమో. అవి ఒక్కొక్కటే ఆగాయి. పొద్దున్న వేసినవి వేసినట్టే చచ్చాయి, రాత్రి ఆపకుండా వదిలేసినవి మధ్యాహ్నం దాకా నడిచి అప్పుడు ఆగాయి. ఏదో ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతోందని ఆఫీసంతా గోల. బయట షెడ్డులో మాత్రం ఆవిడ లారీ వెనక లారీ తూస్తూనే ఉంది. పైగా మేనేజరుకి ఆవిడ మీద పాత కక్ష ఒకటుంది. కాటా చుట్టుపక్కల ఆడవాళ్ళకి బాత్రూం లేదు, కట్టించమని మూడుసార్లు అడిగింది. మూడోసారి షావుకారు ఎదురుగానే అడిగింది. "ఆ పగతోనే సేసింది" అని మేనేజరు తేల్చేశాడు. శుక్రవారం సాయంత్రం ఆవిణ్ణి షెడ్డులోంచి లేపేసి, శనివారం నుంచి గేటు లోపలికి రానివ్వలేదు.

నేను సోమవారం వెళ్ళాను. ఈ లోపల నాకు ఇంకో నాలుగు ఫోన్లు వచ్చాయి, నాలుగింటికీ రేపు వస్తానన్నాను.

స్టేషను నుంచి ఆటోలో వస్తుంటే రైలు గేటు దగ్గర్నుంచే లారీలు బారులు తీరి కనిపించాయి. ధాన్యం బస్తాల మీద టార్పాలిన్లు కప్పి డ్రైవర్లు నీడలో పడుకున్నారు. షెడ్డులో కూర్చోబెట్టిన కొత్త మనిషికి బరువు కొట్టడం చాతకాక, ఒక్కో లారీకి అరగంట పడుతోందట. మిల్లు గేటు పక్కన, గోడ నీడ సన్నగా పడే చోట, ఆవిడ నిలబడి ఉంది. చేతిలో టిఫిను క్యారేజీ. పనికి వచ్చే మనిషి తెచ్చుకున్నట్టే తెచ్చుకుంది.

"ఇదేటమ్మా, ఇక్కడున్నావు?" అన్నాను. నా నోటికి కూడా ఆ వైపు మాటే వస్తుంది.

"లోపలికి రానిస్తన్నారేటి బావూ? మూడు రోజులైంది. పొద్దున్నొస్తన్నాను, సాయంత్రం ఎల్తన్నాను."

"ఎందుకు రావడం మరి?"

"రాకపోతే పారిపోయిందంటారు."

ఏం జరిగిందో ఆవిడే చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. మేనేజరు ఒక కాగితం రాసి తెచ్చాడట. మిల్లు కంప్యూటర్లు నేనే కావాలని పాడుచేశాను, నా ఇష్టంతో పని మానేస్తున్నాను, అని. దాని కింద సంతకం పెడితే వదిలేస్తామన్నారు. పెట్టకపోతే సైబర్ పోలీసులకి కంప్లయింటు. సోమవారం సాయంత్రం దాకా గడువు. అంటే ఆ రోజు సాయంత్రమే.

"ఉజ్జోగం పోతే పోయింది బావూ. సేపలమ్ముకున్నా బతుకుతాను. నాను పాడుసేసేననీసి నా సేత్తో నానే రాసిచ్చీస్తే ఇంకే కంపినీ వోడు గుమ్మం తొక్కనిస్తాడు? మా ఊర్లో కంపూటరు ముందర కూకున్నదాన్ని నానొక్కద్దాన్నే. మా ఊరి ఆడపిల్లలు, గుంటలందరూ నన్ను సూసే నేర్సుకుంటన్నారు. ఆల్లకేటి సెప్పాల?"

కాటా కంప్యూటరు ఒక్కటే ఎందుకు పనిచేస్తోందన్న ప్రశ్నకి జవాబు నా బుర్రలో ఎక్కడో కదిలింది. ఇంకా స్పష్టంగా అందలేదు. అందకుండా నేనే తొక్కిపెట్టానేమో కూడా.

లోపలికి వెళ్ళగానే మేనేజరు ఆ కాగితాన్ని నాకు చూపించాడు. ఏదో బహుమతి పత్రంలా ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. "మీరొక్క మాట సెప్పీయండి బావూ, ఇది కాటా మెసీన్లోంచే వొచ్చిందనీసి. టెక్నికల్ మనిసి సెప్పినట్టుంటాది."

"నేను ఇంకా కుర్చీలో కూర్చోలేదు" అన్నాను.

"కూకోండి, కూకోండి. కానీ తెలిసిపోతన్నాది కదా? అందరివీ ఆగిపోతే దాందొక్కటే ఎలా నడుస్తాది?"

మీ ఇంట్లో అందరికీ జ్వరం వచ్చి ఒకరికి రాకపోతే, రానివాడే తెప్పించాడని కొడతారా అని అడిగాను. ఆయన నవ్వాడు. అది జోకనుకున్నాడు. అది జోకు కాదని చెప్పేంత ఓపిక నాకు లేకపోయింది.

ఒక కంప్యూటరు ముందు కూర్చుని సర్వరు నంబరు కొట్టాను. టక్కున పలికింది. సర్వరు పేరు కొట్టాను. మౌనం. బయటి వెబ్‌సైటు పేరు కొట్టాను, మౌనం. దాని నంబరు కొట్టాను, పలికింది. నాకు రెండు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాల పనికి మూడు రోజులు ఒక మనిషి ఎండలో నిలబడింది. వైరసూ లేదు, పగా లేదు. పేర్లు చెప్పే పెట్టె పలకడం లేదు, అంతే.

ఆ పెట్టె మేనేజరు గదిలో ఒక మూల నేలమీద ఉండాలి. పాత కంప్యూటరు డబ్బా, తెర లేదు, కీబోర్డు లేదు, పక్కన రెండు బ్యాటరీలతో యూపీఎస్. నేనే పెట్టాను. ఆ మూలకి చూస్తే అక్కడ పెట్టె లేదు. నేల శుభ్రంగా కడిగి ఉంది. ముగ్గు, దాని మీద రాగి చెంబుతో నీళ్ళు, అందులో రెండు బంతిపూలు.

"ఇక్కడి డబ్బా ఏదండీ?"

"ఏ డబ్బా?"

"నల్ల డబ్బా. చిన్న లైటు వెలుగుతూ ఉండేది."

"ఓ, అదా! ఆ స్టెబిలైజరా? వాస్తు సూసినాయన తీయించీసేడు కదా. ఈశాన్నంలో బరువుండకూడదంట. అందుకే మిల్లుకి కలిసి రావడం నేదన్నాడు. లచ్చింవారం సాయంత్రం నైరుతికి మార్పించీసేం."

గురువారం సాయంత్రం. శుక్రవారం పొద్దున్న నెట్ పోయింది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడడానికి ఆ ఆఫీసులో పది బుర్రల్లో ఒక్కటి సరిపోదా? సరిపోలేదు. ఎందుకంటే కంప్యూటర్లు పేర్లని కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. పెట్టె ఆగిన వెంటనే ఆగవు, గుర్తున్నంతసేపు నడిచి, మరిచిపోయాక ఆగుతాయి. రాత్రి ఆపి పొద్దున్న వేసినవి ముందు మరిచిపోయాయి. అదే వాళ్ళకి పాకే రోగంలా కనిపించింది. అది వాళ్ళకి తెలియాలని నేననను. తెలియనప్పుడు తెలియదని ఊరుకోవచ్చు కదా? తెలియకపోవడానికీ, ఒక ఆడమనిషి చేత నేరం ఒప్పించే కాగితం రాయడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం వీళ్ళు ఒక్క పూటలో నడిచేశారు.

నైరుతి అంటే గోనెసంచుల గోడౌను. వెళ్ళి చూస్తే మా పెట్టె అక్కడ గోడకి ఆనించి ఉంది. నైరుతిలో బరువుండాలి కాబట్టి దాని మీద శాంపిల్ ధాన్యం బస్తాలు రెండు వేశారు. ప్లగ్గు పెట్టడానికి ఆ గోడకి బోర్డే లేదు. ఆ వాస్తు ఆయన మీద నాకు పెద్ద కోపం లేదు. ఆయనకి తెలిసిన శాస్త్రం ప్రకారం ఆయన చెప్పాడు. పనిచేస్తున్న యంత్రం తీగ పీకుతూ ఇదేం చేస్తుందని ఒక్కడూ అడగలేదు, కోపం దానికి. ఆయుధ పూజనాడు ఆఫీసులో కాలిక్యులేటర్లకి కూడా కుంకుమ బొట్టు పెడతారు. ఈ డబ్బాకి ఏనాడూ పెట్టలేదు. దాన్నెవరూ పనిముట్టుగా లెక్కవేయలేదు.

కానీ దాని మీద ఒక చీటీ అంటించి ఇది ఆపకూడదని రాయాల్సింది ఎవరు? నేను. ఇది ఆగితే పనికొచ్చేలా రెండో పెట్టె పెట్టమని ఒకసారి చెప్పి, షావుకారు "ఒకటి నడుస్తన్నాది కదా" అంటే సరేనని ఊరుకున్నది ఎవరు? అదీ నేనే.

బస్తాలు దింపి, పెట్టెని మోసుకొచ్చి, ఈశాన్యంలో పెట్టొద్దని వాళ్ళు గొడవ చేస్తే తూర్పు గోడకి బల్ల మీద పెట్టి వేశాను. అయిదు నిమిషాల్లో పది కంప్యూటర్లూ లేచాయి. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి ఎత్తి ఆపమన్నాను.

మేనేజరు మొహం మాత్రం తేటపడలేదు. "అదంతా సరేగాని బావూ, మరి దాందెలా పనిసేసింది? పెట్టె ఆగితే అందరిదీ ఆగాల కదా? దాని మెసీన్లో ఏదో ఉన్నాది."

మూడు రోజుల్లో ఆయన నోట వచ్చిన తెలివైన ప్రశ్న అదొక్కటే. నేను చూసి వస్తానని కాటా షెడ్డుకి వెళ్ళాను. అక్కడున్న కొత్త మనిషిని కాసేపు బయటికి పంపాను. ఎందుకు పంపానో నాకు తెలుసు.

ప్రతి కంప్యూటరులోనూ ఒక చిన్న పట్టిక ఉంటుంది. అందులో పేరూ నంబరూ మన చేత్తో రాసేస్తే, ఆ యంత్రం ఇంక ఎవరినీ అడగదు, అదే చూసుకుని వెళ్ళిపోతుంది. మా వృత్తిలో అది దొంగదారి. తొందరలో వాడతాం, మళ్ళీ వచ్చి తీసెయ్యాలి. ఆ పట్టిక తెరిచాను. ఒకే ఒక్క వరుస. మిల్లు సర్వరు పేరు, నంబరు. పట్టిక చివరిసారి మార్చిన తేదీ రెండేళ్ళ కిందటిది, వరి సీజను.

అంతా గుర్తొచ్చింది. ఆ రోజు కూడా లారీలు రైలు గేటు దాకా ఉన్నాయి. మేనేజరు ఇంట్లోంచి తెచ్చిన వైఫై డబ్బా ఒకటి ఆఫీసు తీగలో గుచ్చితే అది మా పెట్టెకి అడ్డొచ్చి పేర్లకి తప్పు నంబర్లు చెప్పడం మొదలెట్టింది. కాటా కంప్యూటరుకి సర్వరు దొరకలేదు. ఆ డబ్బా ఎక్కడుందో వెతకడానికి గంట పడుతుంది. నాకు పాసింజరుకి వేళవుతోంది. ఈ ఒక్క వరుస కొట్టేసి, "నడుస్తాది, తర్వాతొచ్చి సరిచేస్తాను" అని చెప్పి స్టేషనుకి పరుగెత్తాను. మర్నాడు ఆ డబ్బా ఎవరో తీసేశారు. నేను మాత్రం వరుస తీయలేదు. పుస్తకంలో రాసుకోలేదు. ఆ తర్వాత ఆ షెడ్డులోకి కనీసం పదిసార్లు వెళ్ళాను.

ఇదే నా మొదటి తప్పు. ఆవిడ మీద పడ్డ నేరమంతా నా చేతిరాత.

ఒక్క మీట నొక్కితే ఆ వరుస పోతుంది. ఎవరికీ తెలియదు. అదృష్టం కొద్దీ నడిచిందంటే మేనేజరు నమ్ముతాడు, వాస్తు నమ్మినవాడు అదృష్టం నమ్మడా? ఏడాదికోసారి తిరగరాసుకునే ఒప్పందం నాకు ఆ మిల్లుతో ఉంది, అది పోతే ఇంకో మూడు మిల్లులు పోతాయి, ఇక్కడ అందరూ చుట్టాలే. ఇవన్నీ ఆలోచించాను. ఆలోచించలేదని చెబితే అబద్ధం. కిటికీలోంచి చూస్తే గేటు బయట ఆవిడ చీర కొంగు నెత్తిమీద వేసుకుంటూ కనిపించింది. వరుస చెరపకుండా అలాగే వదిలేసి, ఆఫీసుకి వెళ్ళాను.

షావుకారు అప్పుడే వచ్చి మేనేజరు గదిలో కూర్చున్నారు. తలుపు వేసి, ఆయనకీ మేనేజరుకీ మెల్లగా చెప్పాను. కాటా కంప్యూటరు నడవడానికి కారణం నేను. నేను రాసి మరిచిపోయిన వరుస. ఆవిడకి దాని గురించి ఏమీ తెలియదు. తిట్టండి, మాన్పించండి, మీ ఇష్టం.

షావుకారు నా మొహం చూసి పెద్దగా నవ్వారు. "ఓస్, ఇంతేనేటి! మరిసిపోనోడెవుడోయ్? పనిసేసినోడికే తప్పొస్తాది. సివరికి బాగుసేసీసేవు కదా. ఒరే, బావుకి టీ అట్టుకురండి, అల్లం ఏసి."

టీ వచ్చింది. అల్లం వేసిందే. బిస్కట్లు కూడా పెట్టారు. నేను తప్పు ఒప్పుకున్నాక నాకు కుర్చీ, టీ, పనిమంతుడన్న పేరు. ఏ తప్పూ చెయ్యని మనిషి గేటు బయట. నాకు దగ్గరలో ఉన్న రాగి చెంబు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. టీ తాగాను. అది కూడా ఇక్కడ రాసిపెట్టాలి.

"మరి ఆవిడ సంగతేమిటండీ?" అన్నాను.

"రమ్మను. షెడ్డులోకెల్లి కూకోమను. లారీలాగిపోనాయి" అన్నారు షావుకారు, మేనేజరు వైపు చూసి.

మేనేజరు గేటు దాకా వెళ్ళి, గేటు తీయకుండా కమ్మీల్లోంచే చెప్పాడు. "ఒసే, రా, ఎల్లి కూకో. అయిపోనాది."

ఆవిడ కదల్లేదు. "ఏటయిపోనాది?"

"నీ తప్పు నేదంటన్నాను కదే. రా."

"కాగితం రాయండి."

"కాగితమేటి?"

"నాను సేసేననీసి సెప్పడానికి కాగితం కావాల్సొచ్చింది. నాను సెయ్యనేదనీసి సెప్పడానికి నోటిమాట సాలతాదేటి?"

లారీ డ్రైవర్లు ఒక్కొక్కరే లేచి వచ్చి చుట్టూ చేరారు. షావుకారు కూడా బయటికొచ్చారు. చాలా మాటలన్నారు. తొమ్మిదేళ్ళ ఉప్పు తిన్నావన్నారు. ఆడదానికి ఇంత పంతం పనికిరాదన్నారు. ఆవిడ క్యారేజీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. వెనక లారీ ఒకటి హారను కొట్టింది, దాని వెనక ఇంకొకటి. షెడ్డులో కొత్త మనిషి తల పట్టుకుని కూర్చున్నాడు. అరగంట గడిచింది. చివరికి షావుకారే విసుగెత్తి మిల్లు లెటర్‌హెడ్ తెప్పించారు, మేనేజరు రాశాడు, షావుకారు సంతకం గీకి, గేటు తీయించి ఆవిడ చేతికిచ్చారు.

ఆవిడ గట్టిగా, అక్షరం అక్షరం విడదీసి చదివింది. కంప్యూటర్లు ఆగిపోవడానికి కారణం సాంకేతిక లోపమనీ, ఇందులో ఈమె ప్రమేయం ఏమీ లేదనీ ఉంది.

చదివి తల ఎత్తింది. "సాంకేతిక లోపం అంటే ఎవలు?"

షావుకారు లారీల వైపు చూశారు. మేనేజరు కాలితో మట్టిని సదురుతూ నిలబడ్డాడు. సాంకేతిక లోపమట! ఆ పెట్టె ఏ లోపమూ చెయ్యలేదు. ఇన్నేళ్ళూ నోరెత్తకుండా అడిగినవాళ్ళకల్లా పేర్లు చెప్పింది. దాన్ని పీకి గోడౌనులో పడేసిన చేతులున్నాయి, నేరం ఒప్పుకోమని కాగితం రాసిన చెయ్యుంది. పాసింజరు కోసం పరుగెత్తిన కాళ్ళున్నాయి. ఇన్ని ఉండగా లోపం మాత్రం ఎవరిదీ కాదు.

"నేనమ్మా" అన్నాను. "నీ కంప్యూటరులో నేను ఒకటి రాసి మరిచిపోయాను. అందుకే నీదొక్కటే నడిచింది. దానివల్లే నిన్ను అనుమానించారు."

ఆవిడ నా వైపు తిరిగింది. "లోపల సెప్పేవా?"

"చెప్పాను."

"ఎంతసేపయింది?"

లెక్క చూసుకున్నాను. టీ తాగినంతసేపు, ఆ తర్వాత ఇంకో అరగంట. ఆ అరగంటా నేను గేటుకి అయిదడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాను. కాగితం కోసం ఆవిడ ఒక్కత్తే వాళ్ళందరితో వాదిస్తుంటే వింటూ ఉన్నాను.

కాగితం నా ముందు పెట్టి, మేనేజరు జేబులోంచి పెన్ను తనే అందుకుని నా చేతికిచ్చింది. "అయితే నీ పేరు రాయి బావూ. ఆ మాట కొట్టీసి."

సాంకేతిక లోపం అన్న మాట కొట్టేసి, పైన నా పేరు రాశాను. కాగితం ఆనించుకోవడానికి ఒక డ్రైవరు తన లారీ బానెట్టు మీద చోటిచ్చాడు. నేను రాశాక ఆవిడ పెన్ను మేనేజరు వైపు చాచింది. ఆయన లోపల ఫోను మోగుతోందంటూ వెళ్ళిపోయాడు. ఏ ఫోనూ మోగడం లేదు. షావుకారు వైపు చాస్తే ఆయన "పనిసూడండెహె" అని అందరినీ కసిరి, ఆయనా వెళ్ళిపోయారు. ఆవిడ కాగితం మడిచి క్యారేజీ పైగిన్నెలో పెట్టుకుని, షెడ్డులోకి వెళ్ళి కూర్చుంది. మొదటి లారీ కాటా ఎక్కింది.

ఆ కాగితం మీద, తప్పు ఎవరిదన్న చోట, ముగ్గురి పేర్లుండాలి. ఒక్కటే ఉంది. మిగిలిన ఇద్దరినీ తిట్టుకుంటూనే ఆ సాయంత్రం రైలెక్కాను, దారిపొడుగునా తిట్టుకున్నాను. పొందూరు దాటాక తిట్టడానికి ఇంక మాటలు మిగల్లేదు, అప్పుడు ఒకటే సంగతి మిగిలింది. ఆ ఒక్క పేరు కూడా ఆవిడ పెన్ను చేతికిచ్చేదాకా నేను రాయలేదు.